పెద్ద కొడవలి ప్రాప్: బ్లేడ్ తిరిగిపోతోంది, రంగు పగులుతోంది. సాయం చేయండి

నీలిమబ్బు

అందరికీ నమస్తే. ఇంతకాలం ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు నిజంగా ఇరుక్కుపోయాను.

ఒక కాస్‌ప్లే ఈవెంట్‌కి, అంటే కథల్లోని పాత్రల్లా వేషం వేసుకుని వెళ్ళే కార్యక్రమానికి, చేత్తో పట్టుకునే ప్రాప్ (నకిలీ ఆయుధం) చేస్తున్నాను. అనిమేల్లో, అంటే జపాన్ యానిమేషన్ కథల్లో, కనిపించే పెద్ద యుద్ధ కొడవలి. పాత్ర నిటారుగా నిలబడి ఉన్న బొమ్మ ఒకటి ప్రింట్ తీసి స్కేలుతో కొలిచాను. బొమ్మలో అమ్మాయి 12 సెం.మీ., కొడవలి 14 సెం.మీ. నా ఎత్తు 158 సెం.మీ. ఆ లెక్కన కొడవలి 184 సెం.మీ. రావాలి. కర్రకి 25 మి.మీ. పీవీసీ పైపు తీసుకున్నాను. బ్లేడ్ పొడవు 80 సెం.మీ., 10 మి.మీ. ఈవీఏ ఫోమ్ (చెప్పుల అడుగులకి వాడే లాంటి మెత్తటి షీటు) రెండు పొరలు అంటించాను.

కష్టాలు మూడు. కర్రని అడ్డంగా పట్టుకుంటే విల్లులా వంగుతోంది. బ్లేడ్ పైపు చుట్టూ తిరిగిపోయి కిందికి వేలాడుతోంది. గ్లూ గన్‌తో మూడుసార్లు అంటించాను, మూడుసార్లూ ఊడింది. ఇక బ్లేడ్‌కి కొట్టిన వెండి రంగు కాస్త వంచగానే ఎండిపోయిన చెరువులా నెర్రెలిచ్చింది.

ఈవెంట్‌కి ఇంకా మూడు వారాలుంది. దీంతోపాటు ఒక భుజకవచం కూడా చెయ్యాలి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ముందు రంగు సంగతి చూసుకోవాలనుకుంటున్నాను. ఏ రంగు వాడితే పగలదో చెప్పండి, ప్లీజ్.

ఫోమ్‌గీత

రంగు సంగతి పక్కన పెట్టు చెల్లీ. మీ పోస్ట్ చదివితే నాకు మూడు సమస్యలు కనిపించలేదు, ఒక్కటే కనిపించింది. ఆ కొడవలికి ఎముక లేదు.

నాలుగు విషయాలు చెప్పు, అప్పుడు మాట్లాడుకుందాం. రెండు ఫోమ్ పొరల మధ్య ఏమైనా పెట్టావా? ఈవెంట్‌కి ఎలా తీసుకెళ్తావు? విడదీసే వీలుందా? ప్రాప్ పొడవు ఎంత ఉండొచ్చో ఈవెంట్ వాళ్ళ నియమాలు చదివావా?

నీలిమబ్బు

అక్కా, మధ్యలో ఏమీ పెట్టలేదు, ఉత్త ఫోమే. వెళ్ళేది బస్సులో. విడదీయడం గురించి ఆలోచించనే లేదు. నియమాలు ఇప్పుడే చదివాను. ప్రాప్ 180 సెం.మీ. దాటకూడదట, లోహపు బ్లేడ్ అసలు ఉండకూడదట. నాది 184. ముందే చదవాల్సింది.

చెక్కపని

నియమాలు ఇప్పుడైనా చదివారు, మంచిదే. 175కి దించండి, ఫొటోలో ఎవరికీ తేడా తెలియదు. గేటు దగ్గర టేపు పట్టి కొలిచేవాళ్ళు ఉంటారు కాబట్టి సరిగ్గా 180 మాత్రం పెట్టుకోవద్దు.

ఇప్పుడు ఎముక విషయం. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మంచి సాంద్రత ఉన్న ఈవీఏ ఫోమ్ ఘనమీటరుకి 100 కిలోల దగ్గర ఉంటుంది. మీ బ్లేడ్ 80 పొడవు, సగటున 20 వెడల్పు, 2 సెం.మీ. మందం అనుకుంటే 320 గ్రాములు. జిగురు, రంగు కలిపి 400 అనుకోండి. చూడ్డానికి ఏమంత బరువు కాదు. కానీ ఆ బరువంతా కర్ర మీద లేదు, కర్రకి 35 సెం.మీ. అవతల గాల్లో ఉంది. చెయ్యి చాపి, అరచేతికి బదులు ఒక పొడవాటి స్కేలు చివర 400 గ్రాముల సంచి వేలాడదీసి చూడండి. మణికట్టు మెలి తిరుగుతుంది. ఇప్పుడు మీ పైపు మీద పడుతున్నది ఆ మెలే. గుండ్రటి పైపు చుట్టూ గుండ్రటి రంధ్రం ఉంటే, దాన్ని తిరగకుండా ఆపేది జిగురు ఒక్కటే. పీవీసీ నున్నగా ఉంటుంది, గ్లూ గన్ జిగురు దాన్నించి పొరలా లేచి వచ్చేస్తుంది. మీ తప్పేం లేదు, ఆ జిగురు అంతకంటే ఆపలేదు.

నేనైతే ఇలా చేస్తాను. పైపు లోపల సరిగ్గా దూరే గట్టి గుండ్రటి చెక్క కర్ర తీసుకుంటాను. కర్ర కొంచెం వదులుగా ఉంటే అక్కడక్కడా మాస్కింగ్ టేప్ చుట్టి, చేత్తో తోస్తే బిగుతుగా వెళ్ళేలా చూసుకుంటాను. ఊపితే లోపల టకటక చప్పుడు రాకూడదు. దీంతో విల్లులా వంగడం ఆగిపోతుంది. 20 మి.మీ. మందం కర్ర అయితే బరువు 350 నుంచి 400 గ్రాములు పెరుగుతుంది, పెరగనివ్వండి. ఆ బరువు మీ చేతుల మధ్యే ఉంటుంది కాబట్టి పెద్దగా తెలియదు.

బ్లేడ్‌కి మధ్యలో 3 మి.మీ. అల్యూమినియం పట్టీ పెట్టి, దాని చివర పైపులోకి దూర్చి బోల్టు వెయ్యండి.

ఫోమ్‌గీత

అన్నా, మిగతాదంతా ఒప్పుకుంటాను. అల్యూమినియం దగ్గర మాత్రం ఆగండి. వాళ్ళ నియమాల్లో లోహపు బ్లేడ్ వద్దని ఉంది. లోపల దాగి ఉన్న పట్టీ అయినా సరే, తనిఖీ చేసేవాళ్ళు నొక్కి చూస్తే గట్టిగా తగులుతుంది. అక్కడ నిలబడి వాదించే పరిస్థితి ఈ అమ్మాయికి రాకూడదు.

4 మి.మీ. ప్లైవుడ్ చాలు. బ్లేడ్ వంపుకి సరిపడా 4 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. పొడవు ముక్క కోసి రెండు ఫోమ్ పొరల మధ్య పెట్టు. చివరి 35 సెం.మీ. మాత్రం ఉత్త ఫోమే ఉంచు. జనం మధ్య తిరిగేటప్పుడు ఆ కొన ఎవరి మొహానికో తగలొచ్చు, మెత్తగా ఉంటే ఏమీ కాదు. ప్లైవుడ్ అంత మందాన ఫోమ్‌లో గాడి తవ్వకపోతే బ్లేడ్ మధ్యలో ఉబ్బుగా కనిపిస్తుంది. రెండు పొరల్లోనూ 2 మి.మీ. చొప్పున తవ్వు.

చెక్కపని

సరిగ్గా చెప్పారు. ప్లైవుడ్డే మేలు, అల్యూమినియం మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అయితే ఆ ప్లైవుడ్ చివర 8 సెం.మీ. బయటికి వదలండి, నాలుకలాగా. పైపులోనూ లోపలి కర్రలోనూ ఇవతలి నుంచి అవతలిదాకా 4 మి.మీ. వెడల్పు గాడి కొయ్యండి. నాలుక అందులోంచి దూరి అవతల కొంచెం కనబడాలి. పక్కనుంచి 5 మి.మీ. బోల్టులు రెండు. రెండు ఎందుకంటే, ఒక్క బోల్టు పెడితే బ్లేడ్ దాని చుట్టూ ఊగుతుంది. గాడి కోసిన చోట కర్ర బలం తగ్గుతుంది కాబట్టి దాని పైనా కిందా గట్టి దారం బిగుతుగా చుట్టి జిగురు పట్టించండి. బోల్టులు తీస్తే బ్లేడ్ విడిగా వచ్చేస్తుంది, బస్సులో ఇబ్బంది ఉండదు.

ప్రింటర్‌గది

ఇంత కష్టం ఎందుకండీ? బ్లేడ్ మొత్తం త్రీడీ ప్రింట్ చేసేయండి. నాలుగైదు ముక్కలుగా ప్రింట్ చేసి అంటిస్తే అంచులు ఫోమ్‌లో ఎప్పటికీ రానంత పదునుగా వస్తాయి. చెక్కుడు పనితనం అంతా ఫైల్లోనే ఉంటుంది. కావాలంటే నేను ఫైల్ చేసిస్తాను.

ఫోమ్‌గీత

అంచుల విషయంలో మీ మాట నిజం. నేనూ ప్రింటర్ వాడతాను. కానీ 80 సెం.మీ. బ్లేడ్ లోపల ఎంత డొల్లగా ప్రింట్ చేసినా బరువు ఫోమ్ కంటే రెట్టింపు దాటుతుంది. ప్రింటర్లలో మామూలుగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ సాంద్రత నీళ్ళకంటే ఎక్కువ, నీళ్ళది 1 అయితే దానిది 1.24. పైన చెక్కపని గారు చెప్పిన మెలి అంతా ఇంకా పెరుగుతుంది. పైగా కింద పడితే ఫోమ్‌కి సొట్ట పడుతుంది, ప్రింట్ విరుగుతుంది. 

ఇంకో విషయం. పీఎల్‌ఏ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడిపోతుంది. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద అంత వేడి రావడం పెద్ద విషయం కాదు. నా కిరీటం ఒకటి అలాగే పోయింది. పొద్దున వెనక సీట్లో పెట్టి, మధ్యాహ్నం తలుపు తీసేసరికి ఐదు కొమ్మల్లో మూడు తలలు వాల్చేశాయి. రెండు వారాల సాండింగ్ పని. ఆ రోజు చాలా ఏడ్చాను.

ప్రింటర్‌గది

మీ కిరీటం గురించి చదివి బాధేసింది. బరువు లెక్క నేను వేసుకోలేదు, ఒప్పుకుంటున్నాను.

అయితే ఒకచోట మాత్రం ప్రింట్ పనికొస్తుంది. బ్లేడ్ కర్రలోకి దిగే చోట ఒక సాకెట్, అంటే రెండువైపులా పట్టుకునే గొట్టం లాంటి ముక్క. అది చిన్నదే కాబట్టి బరువు లేదు. పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్‌తో చేస్తే 80 డిగ్రీల దాకా మెత్తబడదు. గాడి కోసిన చోటుని దారం చుట్టడం కంటే బాగా పట్టుకుంటుంది, పైన అలంకారంలాగా కూడా కనిపిస్తుంది.

దీన్ని నిలబెట్టి ప్రింట్ చేయొద్దు, పడుకోబెట్టి చేయండి. ప్రింట్ ఎప్పుడూ పొరకీ పొరకీ మధ్యే విడిపోతుంది. నిలబెడితే బ్లేడ్ లాగే వైపే పొరలు విడతాయి. పడుకోబెడితే లాగుడు పొరల పొడవునా వెళ్తుంది. ఒకే ఫైల్, ఒకే ప్లాస్టిక్, పెట్టిన తీరు మారితే బలంలో చాలా తేడా.

కొత్తచిగురు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. బరువే సమస్య అయితే బ్లేడ్ థర్మాకోల్‌తో చేయొచ్చు కదా? ఫోమ్ కంటే చాలా తేలిక.

రంగులపెట్టె

తేలికే. కానీ కాంటాక్ట్ జిగురు (రెండువైపులా రాసి, కాస్త ఆరాక అతికించేది) రాశారా, థర్మాకోల్‌ని తినేస్తుంది. మామూలు స్ప్రే పెయింట్ కొట్టినా అంతే. అందులో ఉండే ద్రావకం థర్మాకోల్‌ని కరిగిస్తుంది. నేను మొదట్లో ఒక డాలుకి నేరుగా స్ప్రే కొట్టాను. బుసబుసమని శబ్దం వచ్చి, చూస్తుండగానే చెదలు తిన్న చెక్కలా గుంటలు పడ్డాయి. థర్మాకోలే వాడాలనుకుంటే ముందు తెల్ల జిగురుతో కాగితం రెండు మూడు పొరలు అంటించి, పూర్తిగా ఆరాక నీళ్ళలో కలిసే అక్రిలిక్ రంగు బ్రష్‌తో వేసుకోండి. కదలకుండా ఒకచోట ఉండే స్టేజి సామానుకి పర్వాలేదు. రోజంతా చేత్తో మోసే కొడవలికి వద్దు.

నీలిమబ్బు

నాలుగు రోజులయింది. మీరు చెప్పినవన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని మొదలుపెట్టాను.

కర్ర దూర్చాను. నమ్మలేనంత తేడా! అడ్డంగా పట్టుకుని ఊపినా వంగడం లేదు. పాత బ్లేడ్‌ని పూర్తిగా వదిలేశాను. ఎలాగూ మధ్యలో ప్లైవుడ్ పెట్టాలంటే పొరలు విడదీయాలి, అలా తీస్తే చిరిగిపోయింది. కొత్తది కోశాను. ప్రింటర్‌గది గారు పంపిన సాకెట్ ఫైల్‌ని ఫ్రెండ్ దగ్గర ప్రింట్ చేయించాను, థాంక్యూ అన్నా.

కొత్త బ్లేడ్ అంచులు మాత్రం ఎలుకలు కొరికినట్టు వచ్చాయి. కట్టర్ కొత్తదే. ఇంకా రెండు పొరలూ అంటించేటప్పుడు కొంచెం వంకరగా పడింది. కాంటాక్ట్ జిగురు వాడాను, ఒకసారి తగిలాక కదలనే కదల్లేదు.

ఫోమ్‌గీత

అంచులు చెడడానికి కారణం రంపంలా ముందుకీ వెనక్కీ కోయడం. కట్టర్ మొన నిటారుగా పెట్టి, ఒకే దిక్కుకి, ఆగకుండా లాగాలి. 10 మి.మీ. ఫోమ్ ఒకేసారి తెగకపోతే అదే గీత మీద రెండోసారి లాగు. ఫోమ్ మెత్తగా ఉంటుందని అనుకుంటాం కానీ కట్టర్ మొనని చాలా త్వరగా మొద్దుబారుస్తుంది. నేను రెండు మీటర్లు కోశాక మొన విరిచేసి కొత్తది తీస్తాను. కోసేటప్పుడు వినిపించే శబ్దంలోనే తెలుస్తుంది. మొన బాగుంటే సుయ్ మంటుంది, మొద్దుబారితే గరగరలాడుతుంది.

పదును అంచు కావాలంటే ఒక్కో పొర అంచునీ 45 డిగ్రీల వాలుతో కోసి, రెండూ కలిస్తే మధ్యలో గీత వచ్చేలా చూడు. ఇప్పటికే అంటించేశావు కాబట్టి మిగిలింది సాండ్ పేపర్‌తో సరిచేసుకో. 120 నంబరుతో ఆకారం, తర్వాత 220తో నునుపు. దుమ్ము చాలా వస్తుంది, మాస్క్ లేకుండా చేయకు.

జిగురు గురించి. రెండువైపులా పల్చగా రాసి, 10 నుంచి 15 నిమిషాలు వదిలేయాలి. వేలు పెడితే అంటుకోవాలి కానీ తీగలు సాగకూడదు. అప్పుడు కలిపితే ఇక కదలదు. పొడవాటి ముక్కలకి రెండింటి మధ్యా బటర్ పేపర్ పరిచి, ఒక చివర కలిపి, కాగితాన్ని కొద్దికొద్దిగా లాగుతూ మిగతాది నొక్కుకుంటూ వెళ్ళు. వంకర పడదు.

రంగులపెట్టె

నొక్కి చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆ జిగురు వాసన ఊరికే వాసన కాదు. అందులో టోలుయీన్ లాంటి ద్రావకాలుంటాయి. గుడ్డ మాస్కూ, దుమ్ము మాస్కూ ధూళిని ఆపుతాయి కానీ ఆవిరిని ఆపలేవు. ఆర్గానిక్ వేపర్ కార్ట్‌రిడ్జ్ (ద్రావకాల ఆవిరిని పట్టే డబ్బా) ఉన్న మాస్క్ కొనుక్కోండి, కిటికీలు తెరవండి. జిగురు తడిగా ఉన్న గదిలో హీట్ గన్ (వేడి గాలి ఊదే పరికరం) ఆన్ చేయొద్దు, పొయ్యి అసలే వద్దు. ఆ ఆవిరి అంటుకుంటుంది. బ్లేడ్ మళ్ళీ చేసుకోవచ్చు.

నీలిమబ్బు

అన్నా, నిన్న తలుపు వేసుకునే చేశాను. సాయంత్రమంతా తలనొప్పి. కారణం ఇదన్నమాట. ఈ రోజునుంచి డాబా మీదే.

ఇప్పుడు రంగు గురించి అడగొచ్చా?

రంగులపెట్టె

ఇప్పుడు అడగాలి. 

ముందు పాతది ఎందుకు పగిలిందో చెప్తాను. ఫోమ్ సాగుతుంది, గట్టిగా ఆరే రంగు సాగదు. కింద ఉన్నది వంగితే పైనున్న పొరకి పగలడం తప్ప దారి లేదు. ఇప్పుడు మీ బ్లేడ్‌లో ప్లైవుడ్ ఉంది కాబట్టి మొదటి 45 సెం.మీ. వంగదు. సగం సమస్య అక్కడే పోయింది. మిగిలిన మెత్తటి కొన కోసం కింది పద్ధతి.

హీట్ గన్‌ని ఫోమ్‌కి ఒక జానెడు దూరంలో పెట్టి, ఒకచోట ఆపకుండా ఆడిస్తూ ఉండండి. ఫోమ్ ఉపరితలం మొదట మసకగా, కాంతి లేకుండా ఉంటుంది. వేడి తగిలిన కాసేపటికి కొద్దిగా మెరుపు వస్తుంది, ఇస్త్రీ చేసిన బట్ట మీద వచ్చే మెరుపులాగా. అది కనిపించగానే పక్కకి జరపాలి. అంతకంటే ఆపితే బొబ్బలు లేస్తాయి. ఈ వేడితో పైనున్న సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి, రంగు లోపలికి ఇంకదు. సాండ్ పేపర్‌తో రుద్దితే లేచిన నూగు కూడా అణిగిపోతుంది. ఇంకో ఉపయోగం, వేడిగా ఉన్నప్పుడు వంచి చల్లారేదాకా పట్టుకుంటే ఆ వంపు అలాగే నిలిచిపోతుంది. భుజకవచానికి ఇది పనికొస్తుంది.

తర్వాత సాగే గుణం ఉన్న సీలర్, అంటే రంగుకి ముందు ఫోమ్‌ని కప్పే పూత. రబ్బరు పొరలా ఆరే స్ప్రే దొరికితే పల్చగా మూడు నాలుగు కోట్లు. ఒక్కో కోటు ఆరాకే తర్వాతది. తెల్ల జిగురు వాడేవాళ్ళు కూడా ఉన్నారు, నేనూ చాలాకాలం వాడాను. కదలని భాగాలకి బాగుంటుంది, వంగే కొనకి పగులుతుంది.

వెండి రంగు నేరుగా కొట్టొద్దు. కింద నిగనిగలాడే నలుపు వెయ్యండి. దాని మీద పడ్డ వెండి లోహంలా కనిపిస్తుంది, బూడిద రంగు మీద పడితే వెండి రంగు కాగితంలా కనిపిస్తుంది. ఆరాక నల్ల అక్రిలిక్‌లో నీళ్ళు బాగా కలిపి, మూలల్లోకి పారించి, పైన గుడ్డతో తుడిచేయండి. మురికి సందుల్లోనే మిగులుతుంది. ఆఖరున దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌కి కొంచెం వెండి అద్ది అంచుల మీద మాత్రమే రాయండి. నిజమైన ఆయుధం మెరిసేది అంచుల దగ్గరే, రోజూ రాపిడి పడేది అక్కడే కదా.

సూదీదారం

భుజకవచం గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను.

పాత టీషర్టు వేసుకుని, భుజం మీద కిచెన్ ప్లాస్టిక్ ర్యాప్ చుట్టుకోండి. దానిమీద మాస్కింగ్ టేప్ అడ్డదిడ్డంగా రెండు పొరలు. ఇద్దరుంటే సులువు. ఇప్పుడు అద్దంలో చూసుకుంటూ కవచం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో మార్కర్‌తో టేప్ మీదే గీయండి. చెయ్యి పైకెత్తి చూడండి, చెవికి తగిలేచోట గీత తగ్గించండి. గీతల మీద అడ్డంగా చిన్న చిన్న గుర్తులు పెట్టుకుంటే కోసిన తర్వాత ఏ ముక్క ఎక్కడ కలవాలో తెలుస్తుంది. తర్వాత కత్తిరించి తీసి, బల్లపరుపుగా పరుచుకునేదాకా సందులు కోస్తే అదే మీ ప్యాటర్న్. మీ ఒంటి కొలతలతో వచ్చింది కాబట్టి డౌన్‌లోడ్ చేసిన ఏ ప్యాటర్న్ కన్నా బాగా కూర్చుంటుంది.

దాన్ని బట్టలకి కుట్టేయకండి. బరువుకి బట్ట లాగి, కాలర్ వెనక్కి పోతుంది. లోపల ఛాతీ చుట్టూ వెడల్పాటి పట్టీ ఒకటి వేసుకుని, కవచాన్ని దానికి క్లిప్ బకిల్‌తో తగిలించండి. చేతి కింద నుంచి వచ్చే పట్టీ మాత్రం ఎలాస్టిక్ పెట్టండి. ఊపిరి తీసుకోవాలి, కూర్చోవాలి, ఫొటో కోసం కొడవలి పైకెత్తాలి. అన్నింటికీ ఆ రెండంగుళాల సాగుడే దిక్కు.

మెరుపుతీగ

కొడవలి సాకెట్ దగ్గర ఎర్ర రాయి ఉంటుందని ఫొటోలో చూశాను. వెలిగిద్దామా?

ఎర్ర ఎల్‌ఈడీకి 2 వోల్టులు చాలు. మూడు ఏఏ బ్యాటరీలు కలిపితే 4.5. మిగిలిన 2.5 వోల్టులని 20 మిల్లీ ఆంపియర్లతో భాగిస్తే 125 ఓమ్‌లు. దానికి పైనున్న 150 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి, రోజంతా హాయిగా వెలుగుతుంది. పవర్ బ్యాంక్ వద్దు. ఒక్క ఎల్‌ఈడీ లాగే కరెంటు మరీ తక్కువ కాబట్టి, ఏమీ తగిలించలేదనుకుని చాలా పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. బ్యాటరీ డబ్బాని కర్ర కింది చివర పెట్టండి. పైనున్న బ్లేడ్ బరువుకి అది సమతూకం కూడా ఇస్తుంది.

చెక్కపని

ఆ సమతూకం మాట చాలా మంచిది. మూడు ఏఏ బ్యాటరీలంటే 70 గ్రాముల దాకా ఉంటాయి. కింద చివర అంత బరువు పెడితే, చేత్తో పట్టుకున్నప్పుడు బ్లేడ్ లాగుడు తగ్గినట్టు తెలుస్తుంది.

కొత్తచిగురు

ఇదంతా చదువుతుంటే ఆశగానూ ఉంది, భయంగానూ ఉంది. నాకు ఇంత పని రాదు. నా డ్రెస్ కొనుక్కున్నదే, ప్రాప్ మా అక్క చేసింది. అలా వేసుకుంటే కాస్‌ప్లే అనిపించుకోదని ఒకరు మొహం మీదే అన్నారు.

సూదీదారం

ఆ మాట అన్నవాళ్ళకి చరిత్ర తెలియదు. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశానికి ఫారెస్ట్ ఏకర్‌మన్ అనే సైన్స్ ఫిక్షన్ అభిమాని భవిష్యత్ కాలపు దుస్తుల్లో వచ్చాడు. ఈ మొత్తం అలవాటుకి మొదలు అదేనని చాలామంది చెప్పుకుంటారు. ఆ దుస్తులు కుట్టింది ఆయన కాదు, ఆయనతో పాటు వేషం కట్టిన మర్టిల్ డగ్లస్. కాస్‌ప్లే అన్న మాటే అప్పటికి పుట్టలేదు. దాన్ని 1983లో నొబుయుకి తకహాషి అనే ఆయన ఒక జపాన్ పత్రికలో రాసిన వ్యాసంలో వాడాడు. ఒకరు కుట్టి ఇంకొకరు తొడుక్కోవడం అంత పాతది.

పోటీల్లో సొంతంగా చేసిందే కావాలని నియమం ఉండొచ్చు, అది వేరే సంగతి. మీ అక్క చేసిన ప్రాప్‌ని ధైర్యంగా పట్టుకెళ్ళండి. ఎవరైనా అడిగితే అక్క చేసిందని గర్వంగా చెప్పండి.

నీలిమబ్బు

నిన్న ఈవెంట్ అయిపోయింది. ఇంటికి వచ్చి పడుకుని, లేచి మీకే రాస్తున్నాను.

బస్సులో మూడు ముక్కలుగా తీసుకెళ్ళాను. చెక్కపని అన్న తర్వాత మెసేజ్‌లో చెప్పినట్టు కర్రని కూడా రెండుగా చేశాను. మధ్యలో కాదు, చేతి పట్టుకి కొంచెం కింద, అలంకారం రింగు వచ్చే చోట. అందుకే అతుకు కనిపించలేదు. గేటు దగ్గర టేపు పెట్టి కొలిచారు, 175. కొనని నొక్కి చూశారు, మెత్తగా ఉందని నవ్వి పంపించేశారు. పట్టుకుని మొత్తం ఏడు గంటలు తిరిగాను.

మధ్యాహ్నం ఒక చిన్న ఇబ్బంది. ఫొటో కోసం తిప్పుతుంటే బోల్టు ఒకటి వదులైంది. బ్లేడ్ కొంచెం ఊగింది కానీ రెండో బోల్టు ఉండబట్టి తిరిగిపోలేదు. బ్యాగులో చిన్న పానా పెట్టుకున్నాను, అక్కడే మెట్ల మీద కూర్చుని బిగించాను. రెండు బోల్టులు ఎందుకో అప్పుడు నా చేతులకే అర్థమైంది.

రంగు ఎక్కడా పగల్లేదు. కొన దగ్గర ఒకచోట చిన్న గీత పడింది, గోడకి తగిలి. భుజకవచం ఎలాస్టిక్ పట్టీ వల్ల హాయిగా కూర్చోగలిగాను. ఒక చిన్న పాప వచ్చి ఎర్ర రాయిని ముట్టుకోవచ్చా అని అడిగింది. ముట్టుకోనిచ్చాను. చాలాసేపు వదల్లేదు.

మీ అందరికీ ఏం చెప్పాలో తెలియడం లేదు. ఫోమ్‌గీత అక్కా, మీరు మొదట రంగు పక్కన పెట్టమన్నప్పుడు నాకు కొంచెం కోపం వచ్చింది. ఇప్పుడు చెప్తున్నాను, థాంక్యూ.

ఫోమ్‌గీత

ఫొటోలు చూశాను. బ్లేడ్ మీద ఆ నల్ల వాష్ (నీళ్ళు కలిపి పారించిన నలుపు) ఎంత బాగా వచ్చిందో! మొదటి పెద్ద ప్రాప్ అంటే నమ్మబుద్ధి కావడం లేదు. చాలా సంతోషంగా ఉంది చెల్లీ.

బోల్టుకి ఈసారి లోపల నైలాన్ రింగు ఉండే లాక్ నట్టు వాడు, కదలికకి వదులవదు.

కొత్తచిగురు

అక్కా, నేను ఒక పొడవాటి మంత్రదండం మొదలుపెడుతున్నాను, ఈసారి సొంతంగా. కర్ర అతుకు దగ్గర లోపలి కర్ర ఎంత లోపలికి వెళ్ళాలి? రెండు ముక్కలూ ప్రతిసారీ ఒకే దిక్కుకి కలవాలంటే ఏం చెయ్యాలి?

నీలిమబ్బు

నేను 15 సెం.మీ. పెట్టాను. మొదట 6 పెట్టి చూశాను, అతుకు దగ్గర ఊగింది. లోపలి కర్ర పై ముక్కకి పూర్తిగా అంటించేసి, కింది ముక్కలోకి 15 సెం.మీ. దూరేలా వదులు. పక్కనుంచి ఒక 5 మి.మీ. బోల్టు, చేత్తో తిప్పే రెక్కల నట్టు. 

దిక్కు కోసం, రెండు ముక్కల్నీ కలిపి పట్టుకుని ఒకేసారి రంధ్రం వెయ్యి, విడివిడిగా వేస్తే కలవవు. ఆ రంధ్రం కూడా సరిగ్గా మధ్యలోంచి కాకుండా కాస్త పక్కనుంచి వెయ్యి, అప్పుడు తిరగేసి పెడితే బోల్టు దూరదు. అతుకు మీదుగా మార్కర్‌తో చిన్న బాణం గుర్తు కూడా గీసుకో. నాది రింగు కింద ఇప్పటికీ ఉంది. రంగు వేసేటప్పుడు దాన్ని మాస్కింగ్ టేప్‌తో కప్పడం మర్చిపోకు.

కర్ర తెచ్చుకున్నాక ఫొటో పెట్టు. ఎంత పొడవు అనుకుంటున్నావు? నియమాలు చదివావా?